అమ్మవారు పోసిందా?

రిటైర్మెంటుకు రెండేళ్లుందనగా, ఒక జూన్ మొదటి వారంలో, హనుమకొండలోని ఓ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్‌నైన నాకు కొత్త ఆయాల స్క్రీనింగ్ అప్పగించారు. అప్పటికే నా మోకాళ్లూ ఓపికా రెండూ అరిగిపోయాయి.

పిల్లల వార్డులో పనిచేయాలంటే చికెన్‌పాక్స్ ఇదివరకే వచ్చిపోయి ఉండాలి, లేదా టీకా పడాలి. టీకా రెండు డోసులు, మధ్యలో నెల ఎడం. వచ్చిందని చెప్పినవాళ్లను నేరుగా వార్డుకు పంపేసేవాళ్లం. రాలేదన్నవాళ్ల రక్తంలో యాంటీబాడీలు చూసి, లేకపోతేనే టీకా.

కాశిబుగ్గ నుంచి వచ్చిన ఎస్తేరును కూడా అందరినీ అడిగినట్టే అడిగాను, చిన్నప్పుడు అమ్మవారు పోసిందా అని. లేదు సార్, మేం చర్చికి పోతం అంది. అడిగిందేమిటి, చెప్పేదేమిటి అని విసుక్కుని ఫారంలో ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టి రక్తం తీశాను.

ఆయాల ఖాళీల్లో పగటి డ్యూటీ ఉన్నది పిల్లల వార్డులోని ఒక్కదానికే, మిగతావన్నీ నైట్ డ్యూటీలు. ఎస్తేరు అత్తకు పక్షవాతం, రాత్రిళ్లు చూసుకోవడానికి ఈమె తప్ప ఎవరూ లేరు. ఎవరికి ఏ వార్డో తేల్చే లిస్టు గురువారం ఖాయమవుతుంది. యాంటీబాడీలు చూసే మా ఎలైజా పరీక్ష శుక్రవారమే. ఆ పరీక్ష చేసే ప్లేటులో కొన్ని గుంటలు కంట్రోళ్లకే, అంటే ఫలితం ముందే తెలిసిన నమూనాలకే, పోతాయి కాబట్టి వారం రోజుల రక్తం పోగుచేసి ఒకేసారి పెట్టేవాళ్లం.

“జర నా ఒక్కదానిది ముందుగాల చూడరాదు సార్,” అని బతిమాలింది. ఒక్కరికోసం ప్లేటు తెరవలేమన్నాను. గురువారం ఆ ఖాళీ ఇంకొకరికి పోయింది.

శుక్రవారం ఎస్తేరు గుంట ముదురు పసుపు రంగుకు తిరిగింది. యాంటీబాడీలు దండిగా ఉన్నాయి. పిలిపించాను. ఆమె కనుబొమ్మ పక్కన చికెన్‌పాక్స్ మచ్చ ఉంది. అప్పుడు గానీ నాకు కనిపించలేదు. మరి లేదన్నావేంటమ్మా అన్నాను.

“పొక్కులు వోసినయా అంటే చెప్పకపోదునా సార్? అమ్మోరు అనే మాట మా ఇంట్ల అనరు. మొక్కుల సంగతి అడుగుతున్నరనుకున్న.”

నాకు సిగ్గేసింది. పై ఆఫీసుకు వెళ్లి అడిగాను. లిస్టు మారలేదు. నైట్ డ్యూటీ తన వల్ల కాదని ఎస్తేరు వెళ్లిపోయింది.

మరుసటి వారం ఫారంలో ‘అమ్మవారు’ అన్న మాట కొట్టేసి, ‘ఒంటినిండా నీటి పొక్కులు వచ్చాయా’ అని రాయించాను. ప్లేటులో తప్పు దొర్లితే పట్టివ్వడానికి కంట్రోళ్లుంటాయి. నా ప్రశ్నకు అలాంటివేవీ లేవు. జవాబు అర్థం కానప్పుడు ‘లేదు’ అని టిక్కు పెట్టకూడదు, ఇంకోసారి అడగాలి. ఇది నాకు ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత తెలిసింది.