ట్రాలీ వెనక తలుపు

నకిరేకల్ మార్కెట్ యార్డులో పత్తి దించేసి బయటికొస్తుంటే ఖాళీ ట్రాలీ గడగడమంటుంది. ఆ చప్పుడు వింటే ఎవరికైనా పని అయిపోయిందన్న సంతోషం. నాకు మాత్రం మెడ వెనక చల్లబడుతుంది. లింగయ్య పెద్దబాపు గుర్తొస్తాడు.

మా ఆయన నడుము విరిగి మంచాన పడిన ఏడు ట్రాక్టరు తోలడం నాకు తప్పలేదు. ఆడమనిషికి ట్రాక్టరేమిటని ఊళ్లో నవ్వినవాళ్లే గాని నేర్పినవాళ్లు లేరు. వరసకు పెదనాన్న, మా మాటలో పెద్దబాపు అయిన లింగయ్య ఒప్పుకున్నాడు. ఒకటే షరతు పెట్టాడు: లైసెన్సులో ట్రాలీ మాట కూడా రాయించుకోవాలి. బీడు భూమిలో ట్రాలీని వెనక్కి నడపడం నేర్పుతూ, “ట్రాక్టర్ నీ మాట ఇంటది బిడ్డా, ట్రాలీ ఇనది. దానికి ఉల్టా చెప్పాలె” అనేవాడు. ఆయన మాత్రం ట్రాలీ తగిలించి ఉంటే సీటెక్కేవాడు కాదు. నేను బండి ఆపగానే వెనక తలుపు తీసి, ఒక మనిషి దిగేంతసేపు పక్కకు నిలబడి, ఎవరూ దిగనట్టు తల ఊపి మళ్లీ వేసేవాడు. ట్రాలీలో ఎవరూ ఉండేవాళ్లు కాదు. అడిగితే మాట దాటేసేవాడు.

పరీక్షకు ముందు రోజు తనే చెప్పాడు. వయసులో ఆయనకున్నది ఉత్త ట్రాక్టరు లైసెన్సు. ముందున్నది తోలితే వెనకది దానంతటదే వస్తుంది, దానికి వేరే కాగితమెందుకని ఊరంతా అనుకున్నట్టే ఆయనా అనుకున్నాడు. ఒకనాడు పత్తి బస్తాల మీద కూలికొచ్చిన సాయమ్మను ఎక్కించుకున్నాడు. కాలువ వంతెన మీద బస్సు ఎదురైతే వెనక్కి తీయబోయాడు. ట్రాలీ మెలిపడి కాలువలోకి ఒరిగింది. సాయమ్మ ప్రాణం బస్తాల కింద పోయింది. ఆ ట్రాలీనే మా మామ కొని బాగుచేయించాడట; నేను నేర్చుకుంటున్నది దానితోనే.

“ఆమె ఇంక దిగలే బిడ్డా” అన్నాడు. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో, నాకు అంత భయం వేసింది.

లైసెన్సు వచ్చాక ట్రాలీ మాట ఉన్న వరుస రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత వంతెన దాకా తీసుకుపొమ్మన్నాడు. మిట్టమధ్యాహ్నం. నా పక్కన కూర్చోమంటే వినకుండా ట్రాలీ ఎక్కి, ఇంకొకరికి జాగా ఇచ్చినట్టు ఒక మూలకు ఒదిగాడు. ఆయన బక్క మనిషి. అయినా ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను నిండు బరువు లాగినట్టు మూలిగింది. వంతెన దగ్గర దిగి, వెనక తలుపు తీసి, చెయ్యి చాపాడు.

“దిగు సాయమ్మా. లైసెన్సున్న మనిషే తోలుకొచ్చింది.”

చాపిన చెయ్యి ఒక్కసారి కిందికి వంగింది, ఎవరో బరువు మోపినట్టు. ఆయన బొటబొటా కన్నీళ్లు కార్చాడు. తిరుగు దారిలో ట్రాలీ గడగడలాడింది. ఖాళీదైనా అది నా చేతిలో అంతవరకు ఒక్కసారీ చప్పుడు చేయలేదని అప్పుడు తెలిసింది. నేను వెనక్కి చూసుకుంటూ తోలాను. ఆయన మాత్రం నా పక్కన కూర్చుని కునుకు తీశాడు.

ఆ తర్వాత నిబంధనలు మారాయి, ట్రాలీకి వేరే కాగితం అక్కర్లేదన్నారు. నా పట్టుదల మారలేదు. ట్రాలీలో మనిషిని ఎక్కించను. పొగరని కూలీలు తిట్టుకుంటారు, తిట్టుకోనీ. పెద్దబాపు పోయిన రోజు ఆయన కొడుకులు పాడెను నా ట్రాలీలో పెడదామన్నారు. నేను ట్రాక్టరు తాళం ఇవ్వలేదు. నేర్పినవాడి చివరి ప్రయాణానికి బండి ఇవ్వలేదని ఇప్పటికీ వాళ్లకు నా మీద కోపం. ఎక్కించడం వాళ్లకు తెలుసు. ఆయన దిగకపోతే, చెయ్యి చాపి దింపడం నాకు రాదు.