మా ఏసీకి రెండు స్టార్లు ఊడిన ఆదివారం

మదనపల్లెలో ఏసీ కొనడమంటే ఒకప్పుడు ఊరికి ద్రోహం చేసినట్టే. మా ఊరి చల్లగాలి గురించి బయటివాళ్లకు గొప్పలు చెప్పి చెప్పి నా దవడలు అరిగిపోయాయి. అలాంటి నేనే, ఎండలు ముదిరి ఫ్యాను పెనం మీది సెగ విసరడం మొదలుపెట్టాక, తల వంచుకుని ఒక ఫైవ్ స్టార్ ఏసీ కొన్నాను. బిగించిన రోజు వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. ఒక కుక్క కూడా వచ్చి మంచం కింద కాపురం పెట్టింది.

ప్రతి ఆయుధపూజకూ మా ఆవిడ స్కూటరుకు, మిక్సీకి, కత్తిపీటకు పెట్టినట్టే ఏసీకీ కుంకుమ పెట్టేది. స్టూలెక్కి, స్టిక్కరు మీదున్న ఒక్కో స్టారుకూ ఒక్కో బొట్టు. కొన్నేళ్లకు ఆ స్టిక్కరు మీద అక్షరమన్నది కనబడకుండా పోయింది.

మొన్నటి ఎండాకాలం ఒక ఆదివారం కుప్పం నుంచి మా బావమరిది దిగాడు. పుంగనూరులో వాళ్ల పెద్దక్క కొత్త ఏసీ బిగించిందన్న వార్త మోసుకొచ్చాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా స్టూలెక్కి, తడిగుడ్డతో మా స్టిక్కరు తుడిచి, సన్నటి అక్షరాలు చదివాడు.

"బావా, ఇది పాత లెక్క అయిదు. స్టార్లిచ్చే రూల్సు మారినాయి. ఇప్పటి లెక్కకి ఇది మూడే. పెద్దక్కోళ్లదే అసలైన అయిదు. ఎక్స్ఛేంజికి ఇచ్చేయండి. వచ్చే దారిలోనే అంగడోళ్లకి చెప్పి మీ నంబరిచ్చినా, సాయంత్రం వచ్చి విప్పుకుపోతారు."

మా ఆవిడ ముఖంలో కరెంటు పోయింది. పుంగనూరులో అయిదు, మదనపల్లెలో మూడు. "ఇచ్చేద్దాం," అంది.

నేను కుర్చీ లాక్కుని ఏసీ కింద కూర్చున్నాను. "ముందు నన్ను విప్పి తీసుకుపొమ్మను. తర్వాత దాన్ని."

"ఇంత మొండితనం యాల బావా? కొత్తది కరెంటు తక్కువ తాగతాది."

"తాగనీ. కొత్తగా కొనేవాడు అదే కొనాల. ఇది చెడిపోతే నేనూ అదే కొంటా. రూలు పెట్టింది అంగట్లో అమ్మే మిషన్లకప్పా, నా గోడ మీదుండేదానికి కాదు. ఇది నిన్న తాగినంతే ఈ పొద్దూ తాగతాది."

బావమరిది పెదవి విరిచాడు. నా సగం ఆయుష్షు టమాటా మండీలో వేలం అరుపులకే కరిగిపోయింది కాబట్టి, అక్కడి భాషలోకే దిగాను. "పొద్దున దిగిన కాయని ఫస్టు రకమంటాం. కాసేపటికి కలకడ నుంచి ఇంకా నున్నటి కాయ దిగితే, ముందుది సెకండ్ అయిపోతాది. అంతలోకే అది కుళ్లిపోయిందా? పారబోస్తామా?"

"పారబోసేదేంది, పులుసుకు అదే బాగుంటాది," అని నోరు జారింది మా ఆవిడ. ఆమె చూపు తమ్ముడి చేతిలోని ఎర్రబడ్డ గుడ్డ మీదికి పోయింది. "అయినా నా బొట్లన్నీ యాల తుడిస్తివిరా?"

వాడు గుడ్డ పక్కన పడేసి అన్నానికి కూర్చున్నాడు. తిని, ఆ మూడు స్టార్ల కిందే పడుకున్నాడు. కాసేపటికి గదిలోంచి కేక. "అక్కా, దుప్పటి యాడుండాది?"

"మూడుకే దుప్పటా అప్పా?" అన్నాను. "అయిదయితే నిన్ను మంచుగడ్డ చేసి కుప్పం బస్సెక్కించాల్సి వచ్చేది."

ఇంతలో అంగడి వాళ్లు బయల్దేరుతున్నామని ఫోను చేశారు. మా ఆవిడే నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"రావద్దప్పా. మాది బాగానే ఉండాది. చెడిపోయిన్నాడు మేమే వస్తాం."

"పెద్దక్క అడిగితే ఏం చెప్తావు?" అన్నాను.

"మూడనే చెప్తా," అంది. "వచ్చి పడుకుని సూడమంటా."