ఖాళీగా వదిలితే మూడో షెడ్డు

ఒకప్పుడు శంషాబాద్ నుంచి ఏ సరుకు విమానం ఎక్కాలన్నా నా వేలు కదలాల్సిందే. నేను రాసిన ప్రోగ్రాం లేకపోతే కూలీ లోపలికి రాడు, పెట్టె బయటికి పోదు.

సరే, తగ్గిస్తాను. విమానాశ్రయం పక్కన ఒక గోదాము, దానికి మూడు షెడ్లు. మూడోది అప్పటికి ఖాళీ. కంప్యూటర్లు ఎనిమిది, చూసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. ప్రోగ్రాం అంటే అరవై లైన్ల స్క్రిప్టు. అందులోనూ సగం నాకంటే ముందు పనిచేసినాయన రాసి వెళ్లినదే.

మొదటి షెడ్డులో పని మధ్యాహ్నానికి అయిపోయేది. కూలీలు డ్యూటీ దిగిపోగానే వాళ్ల గేటు పాసులు రద్దు చేయాలి. ఆ పని స్క్రిప్టు చేసేది గానీ, రోజూ అవే ప్రశ్నలు అడిగేది: ఏ షెడ్డు, ఏ షిఫ్టు, ఏ గేటు. రోజూ అవే జవాబులు కొట్టలేక, వాటిని ముందే స్క్రిప్టులో రాసిపెట్టాను. ఖాళీగా వదిలి ఎంటర్ నొక్కితే మొదటి షెడ్డు అని అర్థం. ఆ ఆలోచన మాత్రం అచ్చంగా నాదే, అందులో కోతలేం లేవు.

దాన్ని నడిపేది మామిడిపల్లి అమ్మాయి. రెండేళ్లు పెట్టెలకు టేపు వేసి, కంప్యూటర్ నేర్చుకుని, కుర్చీ దాకా వచ్చింది. కూర్చుని చేసే ఉద్యోగం వాళ్లింట్లో అదే మొదటిది.

"షెడ్డు నంబరు కొట్టాల్నా బాపు?" అని మొదటి రోజే అడిగింది.

"ఏం కొట్టకు బిడ్డా. ఎంటర్, ఎంటర్, ఎంటర్. అంతే."

ఒకసారి స్క్రిప్టులో ఏదో మార్చాను. పరీక్షించేటప్పుడు ఎవరి పాసూ పోకూడదని, ముందే రాసిపెట్టిన షెడ్డు నంబరులో ఒకటి తీసేసి మూడు పెట్టాను. ఖాళీ షెడ్డు కదా, ఎన్నిసార్లు రద్దు చేసినా అడిగేవాడు లేడు. మళ్లీ ఒకటి పెట్టడం మరిచిపోయాను. మర్నాడు పొద్దున మూడో షెడ్డు తెరిచారు. నాకు తెలియక కాదు, రిబ్బను కత్తిరించాక లడ్డూ కూడా తిన్నాను.

ఆ మధ్యాహ్నం ఆమె ఎప్పటిలాగే మూడుసార్లు ఎంటర్ నొక్కింది. మూడో షెడ్డు కూలీలు అన్నం తినడానికి బయటికి వెళ్లి ఉన్నారు. తిరిగొస్తే గేటు ఎర్రలైటు వేసి ఒక్కరినీ రానివ్వలేదు. లోపల బెండకాయ, పచ్చిమిర్చి పెట్టెలు ఎత్తేవాళ్లు లేక అలాగే ఉండిపోయాయి. విమానం వెళ్లిపోయింది.

మేనేజరు కోస్తా ఆయన, కోపంలోనూ మర్యాద తప్పడు. "ఎవరమ్మా నొక్కింది?" అన్నారు. రికార్డులో ఉన్నది ఆమె లాగిన్.

"నేనే సార్. రోజూ గట్లనే నొక్కుత," అని నా వైపు చూసింది.

నేను నా సీటుకు వెళ్లాను. అన్నిటికంటే ముందు చేసిన పని స్క్రిప్టులో మూడును ఒకటి చేయడం.

ఆమెను మళ్లీ టేపు దగ్గరికి పంపారు. రెండు రోజులు చేసి మానేసింది. మూడో రోజు నేను ఉండబట్టలేక మేనేజరు గదికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పేశాను.

ఇక్కడిదాకా రాసిన కాగితాలు జేబులో ఉండగానే మొన్న సాతంరాయి హోటల్లో ఆమె కనబడింది. ఇప్పుడు మహేశ్వరం వైపు ఏదో ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తోంది. మెచ్చుకుంటుందేమోనని మొత్తం చదివి వినిపించాను. చాయ్ ముట్టుకోకుండా విన్నది.

"మూడో రోజు నువ్వు చెప్పినవా? ఏంది బాపు, జర సిగ్గుండాలె. చెప్పింది నేను. పాసులు రద్దయినప్పుడు వచ్చే కాయితం ప్రింటు తీసి సారు ముందట పెట్టిన. నేనేం కొట్టలే, మిషినే మూడు తీసుకున్నదని అండ్ల సాఫ్‌గ ఉండె. సారు నిన్ను పిలిచి అడిగితే 'పిల్ల కొత్తది సార్, తెల్వక నొక్కింది' అన్నవ్. నేను తలుపు కాడనే నిలబడ్డ. గా ముచ్చట రాయి."