అత్తమ్మ పాటలను విడిపించుకున్న వైనం

మొన్న గాంధీ గంజ్ దారిలో జిరాక్స్ తీయించుకోవడానికి వెళ్తే, దుకాణం ఆయన తన కంప్యూటర్ గురించి మొత్తుకుంటున్నాడు; బాగానే నడుస్తున్నదాన్ని పక్కన పడేసి కొత్తది కొనుక్కోమంటున్నదట కంపెనీ. ఆ మాట వినగానే నా డీటీపీ రోజులు గుర్తుకొచ్చి, ఇంటికి ఎలా నడిచి వచ్చానో నాకే తెలియలేదు.

అప్పట్లో బీదర్‌లో తెలుగు టైపు చేసేవాళ్ళు కొద్దిమందే. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, మా చర్చి కాగితాలు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. కంప్యూటర్ వెనక బొటనవేలంత ముక్క ఒకటి బిగిస్తేనే నా తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది, దాన్ని మేము లాక్ అనేవాళ్ళం. మా అత్తమ్మకు పాత క్రైస్తవ భజనలెన్నో నోటికి వచ్చు, జొన్న కోతల్లో వాళ్ళమ్మ పాడినవట, ఎక్కడా అచ్చు కానివి. వంటయ్యాక నా పక్కన పీట వేసుకుని ఆమె పాడుతుంటే, కాగితం మీద రాసే పనే లేకుండా నేను నేరుగా టైపు చేసేదాన్ని. మధ్యలో పాట వదిలేసి వాళ్ళ ఊరి ముచ్చట్లలో పడేది, మళ్ళీ దారికి తెచ్చేసరికి టీ చల్లారిపోయేది. పుస్తకం వేద్దామనుకుంటుండగానే ఆమె పోయింది.

ఆ వానాకాలమే పిడుగు పడి లాక్ మాడిపోయింది. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే ఆ రకం ఆపేశామని, కొత్తదాంట్లో పాత ఫైళ్ళు తెరుచుకోవని ఎంతో మర్యాదగా చెప్పారు. మా ఇంటి పాటలు, నా చేత్తో కొట్టిన అక్షరాలు, చూసుకునే దారి నాకే లేకపోయింది. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసే మా మరిది, విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ సీడీ పట్టుకొచ్చాడు. "వదినా, గిది ఏ ఒక్కని సొత్తు గాదు. ఎవ్వని ఇజాజత్ అక్కర్లే, ఎవ్వన్నీ అడిగే పన్లే" అన్నాడు. కంప్యూటర్ చక్కగా నడిచింది గానీ, పాటల ఫైలు తెరిస్తే అన్నీ ఇంగ్లీషు ముక్కలూ చుక్కలూ గీతలే. "మిషను మనదైంది, అక్షరం ఇంకా ఆళ్ళ తాన్నే ఉన్నది" అని తల పట్టుకున్నాడు.

నేను మాత్రం ఆ పిచ్చిగీతలనే చూస్తూ కూర్చున్నాను. ప్రతి చరణం చివరా ఒకే గుర్తుల గుంపు మళ్ళీ మళ్ళీ వస్తోంది; అది పల్లవి కాక మరేమిటి? నాకు కంఠస్థమైన పాటలను పక్కన పెట్టుకుని, ఏ గుర్తు ఏ అక్షరమో నోటుబుక్కులో ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను, నెలలు పట్టింది. ఆ పట్టికతో మరిది చిన్న ప్రోగ్రాం రాసి నడిపిస్తే, మా ఇద్దరికీ రాని పాట ఒకటి తెర మీద వరుసగా తెలుగులో విచ్చుకుంది.

"సూడు వదినా, అమ్మ పాడుతాంది!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పుస్తకం వచ్చింది, చర్చిలో అందరూ నిలబడి పాడారు, నా గొంతు అందరికన్నా పైన ఉందని మా ఆయన నవ్వారు. సీడీ ఒక్కటే మమ్మల్ని విడిపించిందని అనను. అది తలుపు తీసింది, సామాను మేమే మోసుకొచ్చుకున్నాం.

ఇప్పుడు మా పిల్లలందరూ కన్నడ బడుల్లో చదివినవాళ్ళు, తెలుగు పాడతారు గానీ చదవలేరు. అందుకని పోయినేడు మరిదీ నేనూ ఆ పాటలన్నీ కన్నడ లిపిలోకి మార్చాం, ఎవరినీ అడగలేదు, అడగాల్సిన పనీ లేకపోయింది. ఆదివారం నాడు పిల్లలు ఆ కాగితాలు పట్టుకుని గొంతెత్తి పాడుతుంటే గర్వంగానే ఉంటుంది. తెలుగు పుస్తకం తెరిచేది మాత్రం ముందు వరుసలో కూర్చునే మేం నలుగురైదుగురు ముసలివాళ్ళమే.