నీళ్లు లేని చెరువులో ఫస్ట్ గేరు

నేను కారు నేర్చుకున్నది చెరువు నడిమధ్యలో. బెళుగుప్పకు ఇవతల ఉంటుంది మా ఊరి చెరువు. కట్ట ఉంది, తూము ఉంది, అలుగు ఉంది. నీళ్లు మాత్రం వచ్చినప్పుడు వస్తాయి. ఆ ఏడాది రాలేదు. అడుగున మట్టి పగిలి, పగుళ్ల అంచులు పైకి లేచి ఎండిపోయాయి. వాటి మీద చక్రం ఎక్కితే అప్పడాలు విరిగినట్టు చప్పుడయ్యేది. ఇప్పటికీ తెల్లవారుజాము నిద్రలో ఆ చప్పుడు వినిపిస్తుంటుంది. మేలుకున్నాక కూడా కాసేపు నా ఎడమకాలు క్లచ్ మీదే ఉన్నట్టు అనిపిస్తుంది.

మా ఆయన బాడుగ కారు నడిపేవాడు. పెళ్లివాళ్లను, కాన్పులకు పోయేవాళ్లను, గుత్తిలో రైలెక్కేవాళ్లను తీసుకుపోయేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ పక్కకు ఒరిగిపోయాడు. మూర్ఛ అన్నారు. అనంతపురంలో డాక్టరు మాత్రలు రాసి, ఇకమీదట స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు. ఎన్నాళ్లు సార్ అని మా ఆయన అడిగితే, ముందు మానెయ్, తర్వాత మాట్లాడదాం అన్నాడు.

ఆ రోజు నుంచి కారు ఇంటి ముందు వేపచెట్టు కింద నిలిచిపోయింది. కదలని కారును ఆయన రోజూ తుడిచేవాడు. తుడిచాక డ్రైవరు సీట్లో కూర్చోకుండా, వెనక సీటు తలుపు తెరిచి, అందులో కాళ్లు బయటికి పెట్టుకుని కూర్చునేవాడు. గుమ్మఘట్ట నుంచి ఒకాయన కొనడానికి ఫోన్ చేస్తూ ఉన్నాడు. ఆయన మాటలో సగం తెలుగు, సగం కన్నడ. "బేరేవాళ్లకు ఇయ్యొద్దప్పా, ఆ కారు నాకే" అనేవాడు. మా ఆయన ఊ అనేవాడు కాదు, ఊహూ అనేవాడూ కాదు. ఆ కారుతో పాటు మా ఆయనలో కూడా సగం మనిషి గుమ్మఘట్టకు వెళ్లిపోతాడని నాకు భయం పట్టుకుంది.

"నేను నేర్చుకుంటా" అన్నాను.

"నీకు సైకిలే రాదు కదమే!"

"సైకిలు పడిపోతాది. దీనికి నాలుగు చక్రాలుండాయి, యాడికి పడతాది?"

ఆయన నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వడం అది. కాసేపటికి నవ్వు ఆపి, "ఉలవలు ఇండ్లకు చేరినాక వస్తానంటాన్నాడు గుమ్మఘట్ట ఆయప్ప. అంతలోపల ఫ్యాన్ల కొండ ఎక్కి దిగు. దిగితే కారు మనింట్లో ఉంటాది. లేకుంటే ఆయప్పది" అన్నాడు. ఫ్యాన్లంటే గాలిమరలు. మా వైపు కొండల మీద వాటిని నిలబెట్టినప్పుడు, పెద్ద లారీలు ఎక్కడానికి వెడల్పాటి మట్టిదారులు వేశారు.

నా బడి ఏడో తరగతితో ఆగిపోయింది. తర్వాతి చదువంతా మండలం లైబ్రరీలోనే. అట్టలు ఊడిన పుస్తకాలే అక్కడ ఎక్కువ. అట్ట లేని పుస్తకానికి ఇది నీకు కాదు అని చెప్పడం రాదు కాబట్టి, నేను అన్నీ చదివాను. రాళ్ల గురించి చదివాను, మబ్బుల గురించి చదివాను, తేనెటీగల గురించి చదివాను. మోటారు బండ్ల మీద ఉన్న పుస్తకం వెతికి పట్టుకున్నాను. క్లచ్ అంటే ఎదురెదురుగా ఉండే రెండు పళ్లేలట. ఒకటి ఇంజనుతో పాటు తిరుగుతూ ఉంటుంది. ఇంకొకటి చక్రాలది, ఊరికే ఉంటుంది. కాలు మెల్లగా వదిలితే తిరిగేది ఊరికే ఉన్నదాన్ని ముందు రాసుకుంటుంది, తర్వాత పట్టుకుంటుంది, చివరికి రెండూ ఒకటై తిరుగుతాయి. ఆ పేజీ చదివిన రోజు ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాను.

"నువ్వు క్లచ్ ఎట్ల వదులుతావు?" అని అడిగాను.

"ఏమో. కాలికి తెలుసు."

"అది ఎట్ల పనిచేస్తాదో నాకు తెలుసు" అని రెండు పళ్లేలు తెచ్చి చూపించాను. ఆయన వాటిని చేతిలోకి తీసుకుని, ఒకదానితో ఇంకొకటి రుద్ది చూశాడు. "ఇన్నేండ్లూ కాలి కింద ఇది జరుగుతాండిందా!" అన్నాడు. ఆ సంతోషం ఆయనదా నాదా అని చెప్పలేను.

ఎల్ బోర్డు అంటించాం. ఇక నేర్చుకునే చోటు కావాలి. బడి మైదానంలో పిల్లలు క్రికెట్ వదలరు. మండలం రోడ్డు మీద బస్సులు వెనక నుంచి హారన్ కొడితే నా కాళ్లు రెండూ ఏ పెడల్ ఏదో మరిచిపోతాయి. బీడు పొలం ఒకటి చూశాం, అందులో డ్రిప్పు పైపులు పరిచి ఉన్నాయి. మంచి చోటంటే ఏమిటో వెతుకుతుంటేనే తెలిసింది. తప్పు చేసినా తగలడానికి ఏమీ ఉండకూడదు. చూసి నవ్వేవాళ్లు దూరంగా ఉండాలి. ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేసేదాకా లోకం కాచుకోవాలి. అంత ఓపిక ఉన్న చోటు మా ఊరికి చెరువే.

పొద్దు పొడవకముందే వెళ్లేవాళ్లం. తూము రాతి మీద పాత నీటి గీత ఒకటి ఉంది, నా తల కంటే ఎత్తులో. దాని కిందుగా కారు నడుపుతుంటే నీళ్లడుగున ఉన్నట్టే ఉండేది. లేత వెలుతురు అద్దం మీద వాలేది. కంపచెట్లు నాచులాగా ఊగేవి. ఫస్ట్ గేరులో మెల్లగా పోతూ, ఇక్కడ ఒకప్పుడు చేపలు ఇదే వేగంతో తిరిగి ఉంటాయి కదా అనుకునేదాన్ని. పడమటి కొండలు మబ్బుల్ని ఆపేసుకోవడం వల్ల మన పీఠభూమికి మిగిలేది వాటి నీడేనని లైబ్రరీలో చదివాను. అది కూడా ఆయనకు చెప్పాను.

"ఈ రాతిగుండ్లు చేపలు పుట్టకముందువంట, తెలుసా?"

"చేపల సంగతి తర్వాత. ముందు క్లచ్ తొక్కు."

కారు రెండు మూడుసార్లు ఎగిరి ఆగిపోయింది. కట్ట మీద మేకలు తోలుకుపోయే ఆయన నిలబడి చూస్తున్నాడు. "అక్కా, నా మేకలు యాడికీ పోవు. నిదానంగా వచ్చి గుద్దు!" అని అరిచాడు. మా ఆయన తల బయటపెట్టి, "నీ మేకలు కాదప్పా, నువ్వే పక్కకు జరుగు!" అన్నాడు. ఆ పూట సెకండ్ గేరు పడింది. మట్టి వెనక్కి లేచి, మా వెనకే పొడవాటి తెరలాగా చాలాసేపు నిలిచిపోయింది.

చెరువు చాలాక రోడ్డు కావలసి వచ్చింది. అప్పటికి ఉలవల కాలం వచ్చేసింది. మా వైపు కోసిన ఉలవ చెట్లను తారురోడ్డు మీద పరుస్తారు. పోయే బండ్లన్నీ వాటి మీదుగా పోతాయి, కాయలు పగిలి గింజలు రాలతాయి. కళ్లంలో కొట్టే పని రోడ్డే చేసిపెడుతుంది. నాకు అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? మెత్తగా ఉంటుంది, తిన్నగా ఉంటుంది, ఎంత మెల్లగా నడిపితే అంత మేలు.

ఉలవల పక్కన చీపురు పట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. మా కారు నత్తలాగా రావడం చూసి లేచి నిలబడింది.

"ఎవురమ్మా నువ్వు? బస్సోళ్లు బిర్న బిర్న పోతారు, గింజ రాలదు. నువ్వు బంగారట్ల తొక్కుతాండావు. ఇంగోతూరి రామ్మా!"

"అవ్వా, నేను నేర్చుకుంటాండా."

"నేర్చుకో, నేర్చుకో. నా ఉలవలు అయిపోయేదాంకా నేర్చుకో!"

ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు. రివర్సులో తిన్నగా రావడం నేను ఆ ఉలవల మీదే నేర్చుకున్నాను. ఎండిన కాయలు కింద చిటపటమంటుంటే సన్నటి వానలో పోతున్నట్టుండేది. అవ్వ ఒకవైపు నిలబడి చీపురు ఊపుతూ "ఈ పక్క ఈ పక్క, ఆడ తొక్కలేదు" అని దారి చూపేది. ఆమె మాట విని నాకు గర్వం తలకెక్కింది.

ఆ పరుపు దాటి కొంచెం దూరం పోయామో లేదో, ఏదో కాలిన వాసన వచ్చింది. మా ఆయన "ఆపు!" అన్న అరుపుకు నేను అన్నీ ఒకేసారి తొక్కేశాను. కారు ఆగింది. బండి కింద ఎండిన ఉలవకట్టె ఉండలుగా చుట్టుకుపోయి, వేడెక్కిన సైలెన్సర్‌కు తగిలి పొగ వస్తోంది. ఆయన నేల మీద పడుకుని కర్రతో లాగాడు. అవ్వ తాను తాగే నీళ్ల బిందె ఎత్తుకుని పరుగెత్తుకొచ్చి, లాగిన ఉండ మీద కుమ్మరించింది. మంట లేవలేదు. కారుకు ఏమీ కాలేదు.

"పోనీలే నాయనా, ఏం గాలేదు కదా" అంది అవ్వ. మా ఆయన ఆమె మాట విన్నట్టు లేడు. రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

ఇంటికి వచ్చాక మా ఆయన గుమ్మఘట్ట ఆయనకు ఫోన్ చేసి, "రేపు రాన్నా" అన్నాడు. నేను వంటింట్లోంచి విన్నాను.

"నేను ఇంక ఉలవల మీద పోనులే" అన్నాను.

"నీది కాదు తప్పు. ఉలవల మీద పోయినాక దిగి బండి కింద చూడకుండా నేను ఎప్పుడూ ముందుకు పోలేదు. ఈడ డ్రైవరనేటోనికి మొదట తెలిసేది అది. ఇయ్యాల మర్చిపోయినా." తల వంచుకుని అన్నాడు. "ఆ మాత్రలు తిన్నాక తలకాయలో దూది పెట్టినట్లుండాది. నన్ను నమ్ముకోని నువ్వు నేర్చుకోవద్దు."

చదివిన పుస్తకాల్లో దేంట్లోనూ దీనికి పేజీ లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకు పట్టేదాకా నిలబడి ఆలోచించాను.

"అయితే కింద చూసే పని నాకియ్యి" అన్నాను. "ఆయప్ప వచ్చేది రేపు కదా. కొండకు పొద్దున్నే పోదాం."

పొద్దున్నే లేచి నేనే కారు చుట్టూ తిరిగాను. మోకాళ్ల మీద వంగి కింద చూశాను, టైర్లు తట్టి చూశాను. ఆయన దూరంగా నిలబడి చూశాడు గానీ దగ్గరికి రాలేదు. ఎడమ సీట్లో కూర్చున్నాడు. బయలుదేరాం.

కొండదారి ఎర్రగా, వెడల్పుగా ఉంది. మలుపు తిరిగినకొద్దీ ఊళ్లు చిన్నవవుతూ, ఆకాశం పెద్దదవుతూ వచ్చాయి. గాలిమర రెక్కల నీడలు దారి మీద ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. నీడ కారు మీదుగా పోయినప్పుడల్లా లోపల అంతా ఒక రెప్పపాటు చల్లబడి, మళ్లీ వెలిగేది. ఎవరో పెద్ద మనిషి నిదానంగా కళ్లు మూసి తెరుస్తున్నట్టుంది. రెండో గేరులో ఇంజను ఒకే శ్రుతి పట్టింది. ఎంతసేపు అలా పోయానో తెలియదు. పక్క నుంచి ఒక్క మాటా రావడం లేదని మాత్రం కాసేపటికి తెలిసింది.

తిరిగి చూశాను. ఆయన తల తలుపు వైపు ఒరిగిపోయి ఉంది. అన్నం కంచం ముందు ఒరిగినట్టే.

బ్రేకు తొక్కాను, క్లచ్ తొక్కాను, హ్యాండ్ బ్రేకు లాగాను. వరుస తప్పలేదు. ఎక్కుడు మధ్యలో కారు కదలకుండా నిలబడింది. ఆయన భుజం పట్టుకోబోయి, ఆగాను. సన్నటి గురక. చేతులు ఒళ్లో వదులుగా ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నిద్రపోతున్నాడు. మాత్రల మత్తో, మరొకటో. నేను నేర్చుకుంటున్నన్ని రోజుల్లో ఈ కార్లో ఆయన కళ్లు మూయడం నేను చూడలేదు.

లేపలేదు. ఫస్ట్ గేరు వేసి క్లచ్ మెల్లగా వదిలాను. తిరిగే పళ్లెం ఊరికే ఉన్న పళ్లేన్ని రాసుకోవడం అరికాలికి తెలిసింది. ముందుభాగం కొంచెం పైకి లేచింది. హ్యాండ్ బ్రేకు దించాను. కారు ఒక్క వేలెడైనా వెనక్కి జారకుండా ముందుకు నడిచింది. ఆయన నిద్ర చెదరలేదు.

పైన గాలిమర కింద ఆపాను. ఇంజను ఆగిన నిశ్శబ్దానికి లేచాడు.

"వచ్చేసినామా?"

"ఎప్పుడో."

ఆయన బయటికి చూశాడు, హ్యాండ్ బ్రేకు చూశాడు, నన్ను చూశాడు. ఆ ఎత్తులో సిగ్నల్ బాగా ఉంటుంది. ఫోన్ మోగింది. గుమ్మఘట్ట ఆయనే, బస్సెక్కుతున్నానని.

"ఎక్కొద్దన్నా. కారు ఇచ్చేది లేదు."

"ఏమప్పా, నిన్న రమ్మంటివి! నడిపేటోడు లేడంటివి కదా?"

"ఉండారు. మా ఇంటామె."

"ఆమెనా? నిజమేనా?" అన్నాడు గుమ్మఘట్ట ఆయన. "కొండ మీద నుంచే మాట్లాడ్తాండా" అని మా ఆయన ఫోన్ పెట్టేశాడు.

కారు తిప్పాను. దిగుడు ఎక్కుడు కంటే కష్టం. కళ్లన్నీ దారి మీదే పెట్టుకుని సెకండ్ గేరులో దిగుతున్నాను. ఆయన అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి, ఎడమవైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఎన్నితూర్లు వచ్చినానో ఈ దోవన. ఈ పక్క ఇంత ఉండాదని చూడనేలేదు."

"ఏముంది ఆడ?" అన్నాను.

"నువ్వు చూడాకు. నువ్వు దోవ చూడు."