భయపెట్టకుండా రాసిన కాగితం

మా పక్క క్వార్టర్ మావయ్య పోయిన మంగళవారం పొద్దున్న కన్నుమూశారు. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. చుట్టరికం ఏమీ లేదు. భిలాయ్‌లో హిందీ మాటల మధ్య పెరిగిన నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది మాత్రం ఆయనే. ఆ అక్షరాలతో ఆయనకు నేనేం చేశానో దాచి, ఆయన్ని పొగడడానికి నాకు మొహం చెల్లడం లేదు.

ప్లాంటులో షిఫ్టు మొదలయ్యే ముందు అందర్నీ నిలబెట్టి, ఆ రోజు ఎక్కడేం ప్రమాదం ఉందో చెబుతారు. మావయ్య ఆ అలవాటును ఇంటికీ తెచ్చుకున్నారు. టీ ఇస్తూ "కాలతాది, అంచు పట్టుకో" అనేవారు. దీపావళికి వీధిలో ఎవరు నిచ్చెన ఎక్కినా, పిలవకపోయినా వెళ్లి కింద పట్టుకునేవారు. "ముందు డేంజర్ చెప్పాల పాపా. పని సంగతి తరవాత" అనేవారు. మేం ఆటపట్టించేవాళ్లం.

ఈ వేసవిలో ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తూ ఇంగ్లీషులో కాగితం ఇచ్చారు. "ఏటి రాసినారో తెలుగులో రాసియ్యి. నానే సదువుకుంటాను" అని నా చేతిలో పెట్టారు. ఫోన్‌లో ఏఐకి ఇచ్చి తేలిక తెలుగులో రాయమన్నాను. అది ఉన్నదున్నట్టు రాసింది. జబ్బు కాలేయానికి పాకింది, నయం చేసే మందు లేదు, ఇక బాధ తగ్గించే మందులేనని.

అది అలాగే ఆయన చేతిలో పెట్టలేకపోయాను. భయపెట్టకుండా మళ్లీ రాయమన్నాను. రాసింది గానీ, ముఖ్యమైన సంగతి ఇందులో లేదని కింద హెచ్చరించింది కూడా. ఆ హెచ్చరిక నేనే తీసేశాను. మందులు, విశ్రాంతి, తేలికైన తిండి. అంతవరకే పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇచ్చాను.

మావయ్య మురిసిపోయి వీధంతా చూపించారు. "మా పాప రాసినాది. డాక్టర్ సాబ్ కన్నా బాగా అర్థమయినాది." విజయనగరంలో ఉన్న తన అక్కకు ఫోన్‌లో చదివి వినిపించి, "కంగారేం నేదు. ఎండలు తగ్గినాక నానే వొస్తాను" అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

ఎండలు తగ్గకుండానే పోయారు.

ఆయన అక్క రైలు దిగేసరికి అంతా అయిపోయింది. మంచినీళ్లు ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకున్నారు.

"కాగితం రాసిన పాపవి నువ్వేనా? ఆడు సదివితే ఇన్నాను. అది ఇన్నాకే నాకు ధైర్యం వొచ్చినాది. నేకపోతే ఆ రోజే రైలెక్కీద్దును."

నిందగా అనలేదు. మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూ నా తల నిమిరారు. ఆ చెయ్యి తీసేదాకా నేను తల ఎత్తలేదు.