భార్య ఫోనుకు కొత్త ప్రాణం

బస్సు డ్రైవరుకు ఏ వస్తువునూ పారేయడానికి మనసొప్పదు. భార్యది చవకరకం ఫోను. కొని ఎన్నాళ్లో కాలేదు గానీ కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది. ఏది నొక్కినా ఎప్పటికో తెరుచుకునేది. సెలవురోజు పొద్దున్నే అతను తమ్ముడి లాప్‌టాప్ తెచ్చాడు. ఫొటోలు, నంబర్లు అందులో దాచిపెట్టి, ఫోనును నడిపే కంపెనీ సిస్టమ్ తుడిచేసి, ఎవరో ఔత్సాహికులు ఉచితంగా ఇచ్చే సిస్టమ్ ఎక్కించాడు. తెర నల్లబడి చాలాసేపు వెలగలేదు. చివరికి వెలిగింది. ఫోను చకచకా పనిచేసింది.

కుట్టుమిషను ముందున్న భార్య చేతిలో దాన్ని గర్వంగా పెట్టాడు. ఆమె అటూ ఇటూ వెతికింది.

"రేడియో ఏదండీ?"

"ఇందులో ఎఫ్ఎం రాదు. నెట్‌లో పాటలు వినొచ్చుగా?"

"పాటలెవరిక్కావాలి? మధ్యాహ్నం ఒకమ్మాయి కబుర్లు చెబుతుంది. మీరు డ్యూటీకెళ్తే ఈ గదిలో నాకు వినపడే మనిషి గొంతు అదొక్కటే."

తాను లేనప్పుడు ఆమె ఏం వింటుందో అతను ఎన్నడూ అడగలేదు. పాత సిస్టమే మళ్లీ ఎక్కించాడు. ఫోను తిరిగి నత్తనడక పట్టింది.

మధ్యాహ్నం ఆమె స్టేషను అందేలా ఇయర్‌ఫోన్ తీగ గుచ్చి స్పీకరు పెట్టింది. అతనూ పక్కన కూర్చుని విన్నాడు. అంత నవ్వొచ్చే మాటలేం కావు. భార్య మాత్రం కుడుతూనే నవ్వుతోంది.